భారము పంచుకొను యంత్రములు



అడంగలు నకలు కొఱకు పట్టణమునకు పోయిన రైతునకు "సర్వరు డౌను" అను మాట నేడు క్రొత్త కాదు. మిరపకోతలనాడు కూలివారిని చేలో విడిచి వచ్చినవానికి ఒక దినము వ్యర్థమగుట యెంత నష్టమో మీరెఱుగుదురు. అయితే ఆ మాట పెక్కుమాఱులు అర్ధసత్యము. సర్వరులు చక్కగనే యుండి, వానికి పని పంచుటయందే లోపముండవచ్చును.

సర్వరనగా అడిగినవారికి లెక్కలు తీసియిచ్చు యంత్రము. ఒక పెద్దయంత్రము లోపలనే పెక్కు సర్వరులను ఏర్పఱుపవచ్చును. వానిని వర్చువల్ సర్వరులందురు. ఒకే కప్పుక్రింద వేఱు పొయ్యిలు పెట్టుకొన్న అన్నదమ్ములవంటివవి. వచ్చిన పనిని వాని నడుమ పంచుటయే లోడ్ బ్యాలెన్సింగు.

మన సాగరు కుడికాలువను చూడుడు. నాగార్జునసాగరు కాలువలకు 1967 ఆగస్టు 4వ తేదీన నీరు విడిచిరి. జలాశయమున నీరున్నను, పైతూములు మితిమీఱి తెఱచినచో చివరిభూములు ఎండును. అప్పుడు ఆనకట్టను నిందించిన ఫలము లేదు. లస్కరు తూము తూమునకు నడచి చూడవలెను. సర్వరుల దోషపరీక్షయు నట్టిదే.

మొదట ప్రతి సర్వరును దాని సొంత చిరునామాతో విడిగా పిలిచి చూడవలెను. మైక్రోసాఫ్టువారి విండోసు ఏర్పాటులో సర్వరులు సెకనుకొకమాఱు తమ యునికిని పరస్పరము తెలుపుకొనును. ఐదుమాఱులు వినరానిచో తక్కినవి దానిని విడిచి పనిని మరల పంచుకొనును. కాని సర్వరు బ్రదికియుండి, అందలి ప్రోగ్రాము మాత్రమే నిలిచిపోయినచో ఈ యేర్పాటు కనిపెట్టజాలదు. జనమును అచ్చటికే పంపుచుండును. అందుచేతనే యొకనికి పనియగును, వాని వెనుకవానికి కాదు.

రెండవది స్విచ్చి. ఇది రాకపోకలను చూచు కావలివాడు. యూనికాస్టు పద్ధతిలో సర్వరులన్నియు ఒకే మ్యాక్ అడ్రసును ధరించును. కావలివాడు దీనిని మాఱువేషమని తలచి అడ్డగింపవచ్చును. కావున హైపర్-వి యందు "మ్యాక్ అడ్రస్ స్పూఫింగు"నకు అనుమతి నీయవలెను. విఎమ్‌వేరునందు "నోటిఫై స్విచెస్" అనుదానికి "నో" అని పెట్టవలెను. లేనిచో బయటి స్విచ్చి ఆ అడ్రసు ఒక్క ద్వారమునందే కలదని నమ్మి, పనియంతయు నటే పంపును.

మూడవది "అఫినిటీ". ఒక చిరునామానుండి వచ్చినవారిని ఎల్లప్పుడు ఒకే సర్వరునకు పంపు నియమమిది. పెక్కు కార్యాలయములు ఒకే చిరునామా వెనుక నున్నచో, వారందఱును ఒక్క సర్వరుమీదనే పడుదురు. తక్కినవి ఊరక కూర్చుండును.

నాలుగవది, సర్వరులన్నియు ఒకే పెద్దయంత్రమునందున్నవేమో చూడవలెను. ఇల్లు కూలినచో పొయ్యిలు నాలుగున్నను వంట సాగదు.

పెద్దలారా, ఈ మరమ్మతులు మనము చేయునవి కావు. అయినను ఇకమీదట "సర్వరు డౌను" అన్నప్పుడు, "అందఱికిని కాలేదా, కొందఱికే కాలేదా?" అని యడుగుడు. ఎవరికి ఏ వేళ పనియైనదో, ఏ వేళ కాలేదో వ్రాసి గుమాస్తాకిచ్చి, పైయధికారులకు పంపుమనుడు. కొందఱికే కానిచో దోషము పంపకమునందుండవచ్చునని వారు అచటనే మొదట వెదకుదురు. ఏ తూము చెంత నీరు నిలిచినదో తెలిపినచో లస్కరు నడక సగము తగ్గును.

ఇక సెలవు.