చిన్న పరిశ్రమలకు అప్పును మించిన యక్కర
(చిన్న పరిశ్రమలవారి సభలో జరిగిన యుపన్యాసము)



మగ్గమును, కుట్టుమిషనును, చిన్న లేతుయంత్రమును నమ్ముకొని బ్రదుకుచున్న మీకు ప్రభుత్వము అప్పు లిచ్చుచున్నది, సంతోషము. 2015 వ సంవత్సరమున ఆరంభమైన ముద్రా పథకము క్రింద తాకట్టు లేకయే 50,000 రూపాయల వఱకు శిశు ఋణము, 5 లక్షల వఱకు కిశోర ఋణము, 10 లక్షల వఱకు తరుణ ఋణము లభించుచున్నవి. తరుణ ఋణమును సక్రమముగా తీర్చినవారికి 2024 లో ఆ హద్దు 20 లక్షలకు పెంచబడినది. ఇల్లు కుదువ పెట్టనిదే దమ్మిడీ పుట్టని దినముల నెఱిగినవార మగుటచే, మేము దీనిని తక్కువచేసి పలుకము.

అయినను ఒక ప్రశ్న. మీకు పెట్టుబడి యేల చాలకున్నది? సరకు చేసి యిచ్చితిరి, కొన్నవాడు సొమ్మీయలేదు. లక్ష రూపాయల సరకునకు సొమ్ము ఆరునెలలు రాలేదనుకొందము. నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చిన పెట్టుబడియైనచో, వడ్డీయే ఆరువేలు. అనగా, పెద్దవర్తకునికి వడ్డీ లేని యప్పు మీరిచ్చి, ఆ వడ్డీని మీరే బ్యాంకునకు కట్టుచున్నారు! ఇట్టి స్థితిలో క్రొత్త అప్పు చిల్లికుండలో పోసిన నీరు గాదా?

దీనికి శాసనము లేకపోలేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారి సరకు కొన్నవారు, ఒడంబడికలో నేమి వ్రాసికొన్నను, సరకు నంగీకరించిన 45 దినములలో సొమ్ము చెల్లింపవలయునని 2006 నాటి చట్టము విధించుచున్నది. గడువు దాటినచో రిజర్వుబ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటునకు మూడురెట్ల చొప్పున, నెలనెలకు చక్రవడ్డీ. తగవులు విచారించుటకు రాష్ట్రములందు కౌన్సిళ్లు గలవు. కాని ఫిర్యాదు చేసిన మఱునాడే ఆర్డరు పోవునను భయమున ఎందఱో నోరు మెదపరు. ఈ భయము ఒంటివాని వలన తీరునది కాదు. ఫిర్యాదుపై సంతకము ఒకనిదే యైనను, వాని వెనుక సంఘమంతయు నిలువవలయును. ఉద్యమ్ నమోదు చేయించుకొనుడు. సరకు ముట్టిన తేదిని బిల్లుపై వ్రాయించుకొనుడు.

ప్రభుత్వమునకు మా మాట యొక్కటే. ఈ చట్టము సర్కారు కొనుగోళ్లకును వర్తించును. ఆసుపత్రికి దుప్పట్లు, పాఠశాలకు బట్టలు కొన్న శాఖలే గడువు మీఱినచో, వర్తకుని మందలించు నైతికబలమెక్కడిది? ఋణమేళాలు జరుపుటకు ముందు తన బిల్లులను తీర్చి చూపవలయును.

చేసిన పనికి సొమ్ము వేళకు ముట్టినచో, మీలో పలువురు అప్పు గడప తొక్కనే తొక్కరు. మేము కోరునది దయ కాదు. కష్టించినవారికి న్యాయముగా రావలసినది.