ఇంట పిల్లల వినోదము

ఆటవస్తువులు కొనలేకపోతిమని చింతించు తల్లిదండ్రులు పెక్కురు గలరు. ఎండ మండు మధ్యాహ్నమున బిడ్డను ఇంటిపట్టున నిలుపుటకు చింతపిక్కలు చాలును. వామనగుంటల పీటకు వరుసకు 7 చొప్పున 14 గుంటలు. పీట లేనిచో నేలపై సుద్దతో గీసిన సున్నలే గుంటలగును. గుంటకు 5 పిక్కల వంతున 70 పోసి పంచుచు, ఎదుటివారి గుంటలో ఏమి మిగులునో ముందే ఎంచుచు, బిడ్డ తెలియకయే లెక్కలు నేర్చును. పులిజూదమునకు బొగ్గుతో గీసిన గడులు, 3 పులులకు రాళ్లు, 15 మేకలకు గింజలు కావలెను. విడివడిన మేకను పులి దుమికి చంపును. మేకలు కూడి నిలిచిన పులియే కట్టుబడును. పాకెడు పసివారికి మాత్రము పిక్కలు అందనీయరాదు. గొంతున అడ్డుపడిన ప్రాణమునకే ముప్పు.

ఆటకు జోడు కావలెను గదా! తలిదండ్రులు కూలికి పోయిన ఇంట ఆ జోడు అవ్వయే. ఆమెకు ఈ ఆటలన్నియు వచ్చును. ఆమెను పిలిచి పీట యెదుట కూర్చుండబెట్టు ఇండ్లు మాత్రము అరుదైనవి.