గండికోట త్రోవ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పెద్ద చదువులు చదివినవాడను గాను. పగలు పద్దులు వ్రాయుదును. ప్రబంధములు నాకు ఈ గ్రంథాలయపు బీరువాలోనే దొరకినవి. కావ్యముపై మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. నాకు చేతనైనది లెక్క గనుక ఒక బాట జమాఖర్చు చెప్పెదను.

ప్రొద్దుటూరినుండి పెన్నకు ఎదురుగా పోయినచో జమ్మలమడుగు. అచ్చటికి సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట. ఎఱ్ఱమల కొండలను పెన్న కోసిన గండిపై నిలిచిన కోట యది. పెమ్మసాని నాయకుల నాడు అచ్చటికి పోవు త్రోవ ఏలికల త్రోవ. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకొనెను. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు తన సరకు చూపుటకై ఆయన యొద్దకు వచ్చెను. కొండను తొలిచిన ఆ త్రోవ వెడల్పు 20, 25 అడుగులనియు, కొన్నియెడల 7, 8 అడుగులే యనియు, ప్రక్కనే ఘోరమైన లోయ, దాని యడుగున నది యనియు వ్రాసెను. నవాబు అప్పుడే దానిని బాగుచేయించుచుండెనట. కోటను వర్ణించినవారు పెక్కురు. బాటను కొలిచినవాడు ఈతడు. వర్తకుడు గదా!

1800లో దత్తమండలములు కుంపిణీ వశమైనవి. అధికారము కొండ దిగి జమ్మలమడుగు కచేరీకి చేరెను. 1871 నాటికి మద్రాసు రైలు కొండాపురము, ముద్దనూరుల మీదుగా రాయచూరుదాక నడచెను. సరకుబండ్లు స్టేషన్లవంక తిరిగెను. ఏలికల త్రోవ పల్లెబాట యయ్యెను.

మా ఇంటి కరణీకము 1984లో పోయినది. తండ్రిగారు వ్రాసిన అడంగళ్ళు నేను చూచితిని. ఏనుగులు నడచిన దారియైనను, ఎనుములు నడచు డొంకయైనను అందు 'రస్తా పోరంబోకు' అను రెండు మాటలే. చరిత్రకు అడంగలులో గడి లేదు.

గండికోట జలాశయము 26.85 టి.ఎం.సీ.ల నీరు పట్టును. ఆ నీరు ఎత్తిపోతలచే చిత్రావతి జలాశయమునకును, పులివెందుల చీనీతోటలకును పోవుచున్నది. అందులకై 2020లో తాళ్ళప్రొద్దుటూరివారు ఊరు విడిచిరి. తోటలకు నీరు వలదని నేననను. ఇంటికి పరిహారము అడుగువాడు గలడు. మునిగిన బాటకు హక్కుదారుడు లేడు, అడుగువాడును లేడు.

మన యేటిడొంక మాత్రము నీట మునుగలేదు, చేలలో మునిగినది. రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకొను డొంకలో నేడొక బండి కష్టముగా పోవుచున్నది. మా చేను దాని ప్రక్కదే. తాతగారు గట్టు కొంత జరిపిరి, తండ్రిగారు కొంత జరిపిరి. అడంగలు వ్రాసిన చేయియు, గట్టు జరిపిన చేయియు ఒకటే. ఇది చెప్పుటకే నేడు లేచితిని.

పెద్దలు తాము నడచిన బాటల పేర్లు చెప్పినచో ఒక పుస్తకమున వ్రాసి ఇచ్చట నుంచెదను. మొదటి పుటలో మన డొంకనే వ్రాసితిని. గడచిన వేసవిలో మా గట్టును మూరెడు వెనుకకు తీసితిని. ఎదుటి చేను మా బావగారిది. వారును ఈ సభలోనే యున్నారు.