పైన చప్పన, అడుగున ఉప్పు: దివిసీమ నుంచి ఆర్కిటిక్‌కి దారి ఉందా?



పోయిన వారం గుడివాడ నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అక్కా, నేను బీజెడ్‌సీ ఫైనల్ ఇయర్. ఆర్కిటిక్‌లో వాతావరణ మార్పు మీద రీసెర్చ్ చెయ్యాలని ఉంది. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు, ఎంసీఏలో చేరమంటున్నారు. అసలు మనలాంటి వాళ్ళకి దారి ఉంటుందా?" అని. ఈ ఎపిసోడ్ ఆ చెల్లి కోసమే.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఇప్పటిదాకా ఆర్కిటిక్ వెళ్ళలేదు. వెళ్ళాలని ఆశపడి, ఒక ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చినదాన్ని. ఆ సంగతి చెబితేనే మిగతాది అర్థమవుతుంది.

మాది నాగాయలంక అవతల, కృష్ణ పాయలు సముద్రంలో కలిసే వైపు. ఎమ్మెస్సీ అయ్యాక ఒక రీసెర్చ్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బాగా ప్రిపేరయ్యాను. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కిందని, హిమానీనదాలు కరుగుతున్నాయని, ధ్రువపు ఎలుగుబంట్లని, అన్నీ గడగడా చెప్పేశాను. అవతల కూర్చున్న పెద్దాయన ఓపిగ్గా విని ఒకటే అడిగారు: "మీ ఊరి కాలవలోకి ఉప్పునీళ్ళు ఎంతదాకా ఎక్కుతాయమ్మా? ఏ నెలలో ఎక్కువ?"

నాకు తెలీదు. పుట్టి పెరిగిన ఊరు. తెలీదు.

తిరుగు బస్సులో నాన్నకి ఫోన్ చేసి అదే అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కాలవ కట్టేశాక ఎండాకాలంలో ఎక్కువమ్మా. అమావాస్యకీ పున్నానికీ పోటు గట్టిగా వస్తే లాకుల దాకా ఎక్కేస్తాయి. పైనీళ్ళు నోట్లో పోసుకుంటే చప్పగానే ఉంటాయి, అడుగున మాత్రం ఉప్పు. ఏం, ఎందుకు?" అన్నాడు.

నాన్న చదివింది ఏడో తరగతి. ఆయన చెప్పిన ఆ చివరి ముక్క ఉంది చూశారూ, ఆర్కిటిక్‌లో శాస్త్రవేత్తలు కొలిచే వాటిలో అదీ ఒకటి.

ఎలాగో చెప్తా. నార్వే పైన స్వాల్‌బార్డ్ అని దీవులున్నాయి. అక్కడ న్యూ ఆలెసుండ్ అనే చిన్న ఊరు, సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మన బందరు 16 డిగ్రీలు. ఆ ఊళ్ళోనే మన దేశపు పరిశోధనా కేంద్రం 'హిమాద్రి' ఉంది. 2008 జులై 1న మొదలైంది. బందరులో కృష్ణా యూనివర్సిటీ పెట్టింది కూడా ఆ ఏడాదే.

హిమాద్రి పక్కనే కాంగ్స్‌ఫ్యోర్డన్ అనే సముద్రపు పాయ. హిమానీనదాలు కరిగిన మంచినీళ్ళు అందులోకి దిగుతాయి. మంచినీళ్ళు తేలిక కాబట్టి పైన పరుచుకుంటాయి. ఉప్పునీళ్ళు బరువు, కిందుంటాయి. 2014లో మనవాళ్ళు ఆ పాయలో సుమారు 190 మీటర్ల లోతున 'ఇండార్క్' అనే పరికరాల వరసని దింపారు. వేర్వేరు లోతుల్లో వేడీ ఉప్పూ ఎంతున్నాయో అది రికార్డు చేస్తుంది. అట్లాంటిక్ వెచ్చటి నీళ్ళు లోపలికి ఎంత వస్తున్నాయి, మంచు ఎంత కరుగుతోంది అన్నది ఆ అంకెల్లోంచే తెలుస్తుంది.

మన కాలవలోనూ అదే సూత్రం. పైన చప్పన, అడుగున ఉప్పు. అక్కడ చలి, ఇక్కడ బురద, అంతే తేడా.

"సరే అక్కా, అక్కడ మంచు కరిగితే మనకేంటి?" అంటారేమో. సముద్రంలో తేలే మంచు కరిగితే నీటిమట్టం దాదాపు పెరగదు. గ్లాసులో ఐస్ ముక్క కరిగితే నీళ్ళు పొర్లవు కదా, అలా. కానీ గ్రీన్‌లాండ్‌లో నేల మీదున్న మంచు కరిగితే పెరుగుతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. గ్రీన్‌లాండ్ మంచు ఎంత బరువంటే, చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుంటుంది. మంచు తగ్గేకొద్దీ ఆ లాగుడు తగ్గి నీళ్ళు దూరం జరుగుతాయి. అందుకని గ్రీన్‌లాండ్ పక్కన మట్టం తగ్గి, మనలాంటి దూరపు తీరాల్లో సగటు కంటే కాస్త ఎక్కువే పెరుగుతుంది.

ఇటు చూస్తే కృష్ణ తెచ్చే ఒండ్రు నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి డ్యాముల వెనకాలే ఆగిపోతోంది. డెల్టాకి కొత్త మట్టి రావడం తగ్గింది, సముద్రం కోత కోస్తోంది. సముద్రమట్టం పెరిగితే ఆంధ్ర తీరంలో ఏ భాగానికి ఎంత ముప్పో ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు గారి బృందం 2008లోనే లెక్కగట్టింది. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మా నాయనమ్మ చెప్పేటప్పుడు తాడిచెట్టు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. ఆ చెట్టుని పట్టుకునే ఆమె బతికింది. మట్టం కొంచెం పెరిగినా అలాంటి ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. మనకి ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న ఒక్కటే కాదు.

ఇప్పుడు దారి. బీజెడ్‌సీ అయినా ఎంపీసీ అయినా పర్లేదు. పీజీలో మెరైన్ బయాలజీ, ఓషనోగ్రఫీ, జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, మైక్రోబయాలజీ, ఏదైనా సరే. తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి 2 ఏళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె అలవెన్స్ వేరే. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ఇది.

ఆర్కిటిక్ యాత్రల్ని నడిపేది గోవాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అక్కడికి మన పేరొక్కటే రాసి పంపితే చాలదు. యూనివర్సిటీ గానీ ల్యాబ్ గానీ ప్రాజెక్టు ప్రపోజల్ పెట్టాలి. అది ఎంపికై, మెడికల్ పరీక్షలు పాసైతే ఆ బృందం వెళ్తుంది. అక్కడ ఎలుగుబంట్ల భయం వల్ల ఫీల్డుకి వెళ్ళాలంటే తుపాకీ ట్రైనింగ్ కూడా ఉంటుంది. ఇంకోటి, న్యూ ఆలెసుండ్‌లో వైఫై, బ్లూటూత్ నిషేధం. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉండాలి. రీల్స్ లేకుండా ఉండగలమా, ఇప్పుడే ఆలోచించుకోండి!

వెళ్ళకుండా కూడా ఆర్కిటిక్ మీద పనిచెయ్యొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీలో ఎస్. శివాజీ గారి బృందం ఆర్కిటిక్ మట్టిలోంచి ఒక కొత్త బ్యాక్టీరియాని పట్టుకుని, 2013లో దానికి 'ఆర్కిటిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్' అని పేరు పెట్టింది. అలాగే హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు, వేటకెళ్ళేవాళ్ళకి చేపలు ఎక్కడ దొరకొచ్చో సూచనలు ఇచ్చేది వాళ్ళే.

కష్టాలు కూడా చెప్పాలి. చాలా పోస్టులు కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి. పీహెచ్‌డీకి 5 ఏళ్ళు అనుకోండి. ఈలోపు ఎంసీఏ చేసిన ఫ్రెండ్ కారు కొంటాడు. చుట్టాలింట్లో పెళ్ళికెళ్తే "ఇంకా చదువేనా?" అంటారు. ఇవన్నీ నేను పడుతున్నవే. ఇంటికి డబ్బు వెంటనే కావాలంటే ముందు ఉద్యోగం చూసుకోండి, అందులో తప్పేం లేదు.

ఆ ఇంటర్వ్యూ పోయాక నేనేం చేశానంటే, రొయ్యల చెరువుల దగ్గర సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటర్ ఒకటి పాతది కొన్నాను. సీసాకి రాయి కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి, అడుగుకి దించి బిరడా లాగితే అడుగునీళ్ళు నిండుతాయి. నాన్న పడవ పట్టుకునేవాడు, నేను రాసుకునేదాన్ని. మూడు చోట్ల, అమావాస్యకీ పున్నానికీ, ఒక ఏడాది పాటు. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ నోటుబుక్కే తీసుకెళ్ళాను. ఇప్పుడు డెల్టా ఉప్పునీళ్ళ మీదే ఒక ప్రాజెక్టులో పనిచేస్తున్నా. మా గైడ్ గారు ఈసారి ఆర్కిటిక్‌కి ప్రపోజల్ రాస్తున్నారు. వస్తుందో రాదో చూడాలి.

గుడివాడ చెల్లీ, మీకు సముద్రం దగ్గర్లో లేకపోయినా కొల్లేరు ఉంది. ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు అక్కడికీ వస్తుంది. ఒక చోటు ఎంచుకో, ఒక థర్మామీటర్ కొనుక్కో, రోజూ ఒకే టైముకి నీళ్ళ వేడి చూసి తేదీ వేసి రాయి. నీళ్ళ దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్ళకు, ఇంట్లోవాళ్ళని తోడు తీసుకెళ్ళు. నవ్విన వాళ్ళే రేపు "ఇవాళ ఎంతుంది?" అని అడుగుతారు. మా ఇంట్లో అలాగే అయింది.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.