మూడో ప్రశ్న

పట్టాలందుకున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు, వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు అభినందనలు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం రాసే ఊరు మన కోయంబత్తూరు పీలమేడు. ఇవాళ ఇంటి మాటే మాట్లాడతాను.

నా మొదటి ఇంటర్వ్యూలో మోటారు వైండింగ్ గురించి రెండు ప్రశ్నలడిగి, మూడోది "పెళ్లెప్పుడమ్మా?" అన్నారు. "ఉద్యోగం వచ్చాక" అన్నాను. రాలేదు. నాతో వచ్చిన అబ్బాయిని ఆ మాట అడగలేదు. మగవాడికి పెళ్లయితే నిలకడ వచ్చిందంటారు, ఆడపిల్లకైతే ఇక పని మానేస్తుందంటారు.

ఈ లెక్కే మన చుట్టుపక్కల నూలు మిల్లుల్లో ఒక పథకమైంది. పేరు సుమంగళి. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండుక్కల్ వైపు పేదింటి ఆడపిల్లల్ని మిల్లు హాస్టల్లో ఉంచి, సుమారు 3 ఏళ్లు పని చేయించుకుని, చివర్లో 30 వేలో 50 వేలో ఒక్కసారిగా చేతిలో పెట్టేవారు. కట్నానికి పనికొస్తుందని ఊళ్లలో చెప్పేవారు. నడుమ జబ్బుచేసి ఇల్లు చేరిన పిల్లల్లో చాలామందికి ఆ డబ్బు దక్కలేదు. నెలనెలా ఇవ్వాల్సిన కూలిని ఆపి, దానికి తాళిబొట్టు పేరు పెట్టారు. ఏం తెలివి!

మరి సుమంగళి అన్న పేరు దక్కని మనిషి? అయ్యలసోమయాజుల లలిత మద్రాసు తెలుగింటి అమ్మాయి. 15వ ఏట పెళ్లి, 18వ ఏటికి భర్త పోయాడు, ఒళ్లో నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివింది. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ప్రొఫెసర్. ఆ అండ లేని లలితలు ఎందరో, మనకు పేర్లు కూడా తెలియవు. లలిత పట్టా మీద అచ్చయిన ‘హీ’ని కొట్టేసి ‘షీ’ అని రాయాల్సి వచ్చింది. తర్వాత కలకత్తాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్లు డిజైన్ చేసింది. 1964లో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సదస్సుకు న్యూయార్క్ వెళ్లింది.

పెళ్లి లెక్కలో ఢిల్లీ కూడా అప్పట్లో ఇంతకంటే మెరుగేం కాదు. విదేశాంగ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉండేది. ఆ సర్వీసులోని సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కితే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తూర్పారబట్టారు.

మీ పట్టాల మీద కొట్టివేతలు లేవు, చూశాను. కొన్నేళ్లకు మీలో కొందరు బల్లకు అవతలి వైపు కూర్చుంటారు. ఎదురుగా ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని కూర్చుంటుంది. మూడో ప్రశ్న కూడా వైండింగ్ గురించే అడగండి.