రోడ్డు వచ్చింది, వేగమూ వచ్చింది



ఇవాళ రోడ్డు గురించి మాట్లాడుకుందాం.

రోడ్డు రాకముందు ఊరు ఎట్లా ఉండేదో పెద్దవాళ్ళకు గుర్తే. వానాకాలం వస్తే మోకాటిలోతు బురద. నొప్పులు పడే మనిషిని మంచం మీద వేసి మోసుకుపోయేవాళ్ళు. తర్వాత తారు రోడ్డు పడింది. బస్సు వచ్చింది. ఫోను చేస్తే 108 బండి వస్తోంది. ఆడపిల్లలు పక్క ఊరి హైస్కూలుకు పోతున్నారు. రోడ్డు మంచిదే. వద్దని ఎవరూ అనరు.

కానీ రోడ్డు వెంట వేగమూ వచ్చింది. ఊరు పెరిగింది. రోడ్డుకు ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క బడి. ఒక పక్క బోరింగు, ఇంకో పక్క రేషను షాపు. మధ్యలో ఇసుక లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1 లక్షా 68 వేల మందికి పైనే. అంటే రోజుకు 460 మంది!

ఎవరైనా పోతే ఏమంటాం? "ఆయుష్షు తీరింది, తలరాత" అంటాం. ఒక్క మాట ఆలోచించండి. తలరాతే అయితే, ప్రమాదాలు మళ్ళీ మళ్ళీ అదే మలుపు దగ్గర, అదే బడి ముందు ఎందుకు జరుగుతాయి? అది నుదుటి మీద రాత కాదు. రోడ్డులో ఉన్న లోపం. లోపాన్ని దిద్దుకోవచ్చు.

చీర లెక్క

వేగం అంటే ఏమిటో చీరతో కొలిచి చూద్దాం. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు.

ఒక బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ఎదురుగా పిల్ల కనపడింది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోగా ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనులో బండి ఒకటిన్నర చీర దూరం వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక ఇంకో చీర దూరం పోయి ఆగుతుంది. మొత్తం రెండున్నర చీరలు.

అదే బండి 60 కిలోమీటర్ల వేగంతో వస్తే? బ్రేకు తొక్కేలోగా మూడు చీరలు. బ్రేకు పడ్డాక దాదాపు నాలుగు చీరలు. మొత్తం ఏడు చీరలు!

వేగం రెండింతలే అయింది. ఆగే దూరం మాత్రం మూడింతలకు దగ్గరయింది. ఇది పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నప్పటి లెక్క. వాన పడితే ఇంకా ఎక్కువ దూరం పోతుంది.

పిల్ల నాలుగు చీరల దూరంలో రోడ్డు మీదికి పరుగెత్తింది అనుకోండి. మొదటి బండి ఆగుతుంది. రెండో బండికి అప్పుడే బ్రేకు పడి ఉంటుంది. పిల్ల అదే, రోడ్డు అదే. తేడా వేగంలో ఉంది.

రాళ్ళు అడ్డం పెడితే చాలా?

ప్రమాదం జరిగిన రోజు అందరికీ కోపం వస్తుంది. కుర్రవాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళూ మట్టీ పోసి గట్టు కడతారు. అది చీకట్లో కనపడదు. మోటారు సైకిలు ఎగిరిపడుతుంది. వెనక ఒక పక్కకు కూర్చున్న ఆడమనిషి ముందు పడుతుంది. బండి ఎక్కాక పైట చక్రంలో పడకుండా దోపుకోవాలి. వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలని చట్టం చెప్తోంది.

స్పీడు బ్రేకరుకు కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ చెప్పిన కొలత ఇది. ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే సుమారు అర జానెడు. వెడల్పు 3.7 మీటర్లు, అంటే సుమారు రెండు బారలు. గుండ్రంగా, ఏటవాలుగా ఉండాలి. దాని మీద బండి 25 కిలోమీటర్ల వేగంతో మెల్లగా దాటుతుంది. నలుపు తెలుపు చారలు వేయాలి. 40 మీటర్ల ముందే బోర్డు పెట్టాలి.

పెద్ద రోడ్డుకు ఈ మందు చాలదు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. దాని పక్కన, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, పెద్దకుంట అనే చిన్న తండా ఉంది. పనికీ అవసరాలకూ ఆ రోడ్డు దాటక తప్పేది కాదు. దాటుతూ దాటుతూ ఎందరో మగవాళ్ళు చనిపోయారు. ఇంటింటా భర్త పోయిన ఆడవాళ్ళు మిగిలారు. 2015, 2016 నాటికి ఆ తండా కథ దేశదేశాల పత్రికల్లోకి ఎక్కింది. అలాంటి రోడ్డు మీద గట్టు సరిపోదు. కింది నుంచి దారో, పైన వంతెనో కావాలి. అది ప్రాణాలు పోయాక కాదు, రోడ్డు వేసేటప్పుడే అడగాలి.

మన వంతు తప్పు

వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోస్తాం. చుట్టూ రాళ్ళు పెడతాం. సాయంత్రం కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతాం. రాత్రి బండి మీద వచ్చేవాడికి ఆ కుప్ప కనపడదు. ఆ వచ్చేవాడు ఎవరి కొడుకో!

"మరి ఎక్కడ ఆరబోయాలమ్మా, కల్లం లేదు కదా" అంటారు. నిజమే. అందుకే కల్లాలు కావాలని కూడా అడగాలి. అందాకా చీకటి పడేలోగా రాళ్ళు తీసెయ్యాలి, గింజలు ఎత్తుకోవాలి.

పదహారేళ్ళ కొడుకు చేతికి బండి తాళం ఇవ్వకూడదు. 2019లో చట్టం మారింది. పిల్లవాడు బండి నడిపితే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు.

బస్సు దిగగానే దాని ముందు నుంచి దాటకూడదు. బస్సు పోయాక రెండు పక్కలా చూసి దాటాలి. పక్కదారి లేనిచోట రోడ్డుకు కుడి పక్కన నడవాలి. ఎదురుగా వచ్చే బండి కనపడుతుంది.

అర్జీ రాద్దాం

ముందు రోడ్డు ఎవరిదో కనుక్కోవాలి. పంచాయతీదా, పంచాయతీరాజ్ శాఖదా, ఆర్ అండ్ బి వాళ్ళదా, జాతీయ రహదారా? గ్రామసభలో ఆడవాళ్ళందరూ కలిసి అడగాలి. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. కాగితం మీద రాయాలి. ఈ అర్జీ గట్టిగా చదవండి:

"సర్పంచి గారికి,

మా ఊరి బడి ముందు బండ్లు చాలా వేగంగా పోతున్నాయి. పిల్లలు రోడ్డు దాటలేకపోతున్నారు. బడికి రెండు వైపులా కొలత ప్రకారం స్పీడు బ్రేకర్లు వేయించాలి. చారలు, బోర్డులు, వీధి దీపం పెట్టించాలి. మలుపులో తుమ్మ చెట్లు కొట్టించాలి. రోడ్డు వేరే శాఖదైతే గ్రామసభ తీర్మానం చేసి ఆ శాఖకు పంపాలి.

ఇట్లు,
ఊరి ఆడవాళ్ళు"

దీని కింద వేలిముద్ర కాదు, సంతకం పెట్టండి. ఒకరు కాదు, యాభై మంది పెట్టండి. రెండు కాగితాలు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండో దాని మీద, అందినట్టు తేదీ వేయించి, ముద్ర కొట్టించి దాచుకోండి. నెల గడిచినా పని కాకపోతే, ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళండి.