మందుకు అసలు పేరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను డాక్టర్ని కాను, ఉర్దూ మీడియం బడిపంతుల్ని. హాజరుపట్టీ సంగతి మాత్రం బాగా తెలుసు. ఇంట్లో ఛోటూ, వీధిలో బాబా, రిజిస్టర్లో అహ్మద్. పేర్లు మూడైనా పిల్లవాడొక్కడే. మందులూ అంతే. క్రోసిన్, కాల్పాల్, డోలో... అన్నింటిలో ఉన్నది పారాసెటమాలే. పేర్లు వేరు గదా అని రెండేసి మింగుతూ పోతే మోతాదు మించి కాలేయానికి ముప్పు.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది. తర్వాత అనేక దేశాల్లో రకరకాల పేర్లతో అమ్మారు. గర్భిణులు వేవిళ్ళకు వాడారు. 1961 చివర ఆపేసినా, సుమారు 10,000 మంది పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. ఆ దెబ్బతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో 10 దేశాలతో మందుల దుష్ఫలితాలను నమోదుచేసే పని ప్రారంభించింది. 1978 నుండి ఆ కేంద్రం స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది.

ఏ దేశం ఏ పేరుతో రాసినా ఒకే మందు కింద లెక్క పడాలి గదా! అందుకు సంకేతాలు తోడ్పడతాయి. పారాసెటమాల్‌ది ఎన్02బిఇ01. మొదటి అక్షరం నాడీమండలానికి గుర్తు, చివరి అంకెలు అసలు మందుకు.

మన దేశంలో ఈ కార్యక్రమం 2010లో మొదలైంది. మందు పడకపోతే మనమే 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పవచ్చు. అయితే మందు పేరే తెలియకపోతే ఏం చెబుతాం? కనుక చీటీ, గోలీల షీటు పారేయకండి. చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు పిల్లలచేత చదివించండి.